పాత కారుకు ఇ20 పెట్రోలు: గోదావరి జిల్లాల్లో బండిని సిద్ధం చేసుకోవడం ఎలా

ఇప్పుడు కాకినాడలో కొట్టించినా, భీమవరంలో కొట్టించినా, నాలుగు డబ్బులు కలిసొస్తాయని యానాం వెళ్లి కొట్టించినా బంకులో మామూలు పెట్రోలు అంటే ఇ20యే. నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ అన్నమాట. 2003లో 5 శాతంతో మొదలైన ఈ కలపడం 2022 జూన్‌కి 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఇ20 కొన్ని బంకుల్లోకి వచ్చింది, 2025కల్లా దేశమంతా అదే అయింది. 2023 ఏప్రిల్ నుంచి తయారవుతున్న కార్లకు పైపులూ సీళ్లూ దీన్ని తట్టుకునేవే వేస్తున్నారు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అంతకుముందు కార్లకి: ఇంజెక్షన్ (పెట్రోలుని ఒత్తిడితో ఇంజనులోకి చిమ్మే పద్ధతి) వచ్చిన తర్వాతి పాత కార్లు, ఇంకా ముందటి, గాలిలో పెట్రోలు కలిపే కార్బరేటర్ ఉన్న మారుతి 800, ఓమ్ని, పద్మిని, అంబాసిడర్.

ఇ20 పోసిన మర్నాడే ఇంజను పాడైపోదు. పాడు చేసేవి మూడు: వయసైపోయిన రబ్బరు, ట్యాంకులోకి దిగిన నీరు, నెలల తరబడి నిలవున్న పెట్రోలు. అందుకే రోజూ ఆఫీసుకి తిరిగే పాత కారుకంటే, ఊళ్లో షెడ్డులో పడి ఉండి సంక్రాంతికీ వేసవి సెలవులకీ మాత్రమే బయటికొచ్చే కారుకి ఎక్కువ ప్రమాదం. కోనసీమలో అలాంటి కార్లు వీధికి ఒకటుంటాయి.

మైలేజీ సంగతి ముందే తేల్చుకుందాం. లీటరు పెట్రోల్లో ఉండే శక్తిలో ఇథనాల్‌కి ఉన్నది మూడింట రెండు వంతులే. అందువల్ల మైలేజీ తగ్గక తప్పదు. నీతి ఆయోగ్ 2021 నివేదిక పాత డిజైను కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గుతుందని లెక్క వేసింది. అంటే 18 ఇచ్చే బండి 17కి దగ్గర్లో ఆగుతుంది. మీ బండి 18 నుంచి 14కి పడిపోతే అది ఇథనాల్ ఒక్కదాని పని కాదు; ఎక్కడో పెట్రోలు కారుతోంది, లేదా కార్బరేటర్ పొంగుతోంది. వెతకండి.

పనికి దిగేముందు

బండిని ఆరుబయట, గాలి ఆడేచోట పెట్టండి. ఇంజను పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఫోనూ, బీడీ, సిగరెట్టూ దగ్గర ఉండకూడదు. పక్కన పొడి రకం అగ్నిమాపక సిలిండరు, లేకపోతే రెండు బకెట్ల పొడి ఇసుక ఉంచుకోండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట పరుచుకుంటుంది. తీసిన పెట్రోలు మూతున్న ఇనుప డబ్బాలోకే పట్టండి, మంచినీళ్ల సీసాలోకి వద్దు.

ట్యాంకులో ఏముందో చూడండి

బండిని రాత్రంతా కదల్చకుండా ఉంచి, పొద్దున్నే ట్యాంకు అడుగు నుంచి పావు లీటరు తీయండి. డ్రెయిన్ బోల్టు ఉంటే సులువు. లేకపోతే కార్బరేటర్ బండికి పంపు దగ్గర పైపు ఊడదీసి పట్టొచ్చు. ఇంజెక్షన్ బండికి మాత్రం సొంతంగా లైను విప్పొద్దు, అందులో పెట్రోలు చాలా బండ్లలో 3 బార్ దాకా ఒత్తిడితో ఉంటుంది. మెకానిక్కు ముందుగా, బ్యాటరీ వైరు తీయకముందే, పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతట అది ఆగిపోయేదాకా తిప్పి, ఆ ఒత్తిడి పోగొడతాడు. ఆ తర్వాతే విప్పాలి.

తీసినదాన్ని తెల్ల గాజు సీసాలో పోసి అరగంట వదిలేయండి. ఒకే రంగులో నిలకడగా ఉంటే మంచిదే. అడుగున విడిగా ఇంకో పొర కనిపించినా, మొత్తం మసకబారినా నీరు చేరినట్టే. ఇక్కడ పాత పెట్రోలుకీ దీనికీ తేడా తెలుసుకోవాలి. అప్పట్లో నీరు చేరితే నీరొక్కటే అడుక్కి దిగేది, ఆ కాస్తా వంపేస్తే సరిపోయేది. ఇప్పుడు కొంత నీటిని ఇథనాల్ తనలో కలిపేసుకుంటుంది. ఇ10 అయితే సుమారు అర శాతం దాకా, అంటే పది లీటర్లకు యాభై మిల్లీలీటర్ల దాకా. ఇ20 ఇంకొంచెం ఎక్కువే మోస్తుంది. హద్దు దాటిందంటే మాత్రం ఇథనాల్ కూడా నీటితోపాటు విడిపోయి కిందికి దిగుతుంది. పది లీటర్ల ఇ20లో రెండు లీటర్ల ఇథనాల్ ఉంటుంది కాబట్టి అడుగు పొర చెంచాడు కాదు, లీటరు దాటొచ్చు. పంపు పీల్చేది ఆ అడుగునుంచే. పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్, అంటే ఇంజను కొట్టుకోకుండా ఆపే గుణం, కూడా తగ్గిపోతుంది. ట్యాంకు ఊపినా, పైన కొత్త పెట్రోలు పోసినా, ఏ మందు కలిపినా అది మళ్లీ మంచి పెట్రోలు అవుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. మొత్తం తీసేయడమే మార్గం.

ఇథనాల్ ఎంతుందో తెలుసుకోవాలంటే 100 మి.లీ. గాజు కొలజాడీ ఒకటి కావాలి. కాలేజీ ల్యాబులకు సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది. భీమవరం చుట్టుపక్కలైతే చెరువు నీటి పరీక్ష సామాను అమ్మేవాళ్ల దగ్గర అడగండి. అందులో సరిగ్గా 20 మి.లీ. నీరు, దానిమీద 80 మి.లీ. పెట్రోలు పోయండి. మూత బిగించి నిమిషంపాటు తలకిందులు చేస్తూ ఊపండి, మధ్యమధ్య మూత వదులు చేసి ఆవిరి పోనివ్వండి. పది నిమిషాలు కదల్చకుండా ఉంచాక అడుగు పొర ఎంత ఉందో చదవండి. 36 దగ్గరుంటే 16 మి.లీ. ఇథనాల్ నీటిలోకి దిగినట్టు. 80కి 16 అంటే 20 శాతం. 34, 35 చూపించినా అనుమానపడక్కర్లేదు, నీరూ ఇథనాల్ కలిస్తే మొత్తం కొలత కాస్త తగ్గుతుంది. 40 దాటితే ఆ పెట్రోలు వాడొద్దు, ఇథనాల్ ఎక్కువైనా ఉండాలి, ముందే నీరు కలిసైనా ఉండాలి. పరీక్ష చేసిన పెట్రోలు తిరిగి ట్యాంకులో పోయకూడదు.

ఇదే పద్ధతిలో పెద్ద డబ్బాలో నీళ్లు కలిపి ఇథనాల్ అంతా తీసేసి, మిగిలిన పెట్రోలు బండికి పోసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఆక్టేన్ పడిపోయి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను కొట్టుకుంటుంది, పైగా తేమ అందులోనే మిగిలిపోతుంది. ఇంట్లో అన్ని లీటర్ల పెట్రోలుతో ఆటలాడటం ప్రాణాలకే ముప్పు.

రబ్బరు: అసలు పని ఇక్కడే

మొత్తంలో ఒక్క పనే చేయించగలిగితే ఇది చేయించండి. ఇథనాల్ పాత రకం నైట్రైల్ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, మెత్తదనం ఇచ్చే నూనెలను కరిగించి లాగేస్తుంది. బండి తిరుగుతున్నంత కాలం పైపు ఉబ్బి, క్లిప్పుకి బిగుసుకునే ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. రెండు నెలలు నిలిపితే లైన్లో పెట్రోలు ఆరిపోయి రబ్బరు ముడుచుకుంటుంది, గట్టిపడి చీలుతుంది. తిరిగి స్టార్టు చేసిన రోజున కారేది అందుకే. పెట్రోలు మంటలకి మొదలు అదే.

పాత పైపు ఒకటి ఊడదీసి బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. లోపలి గోడ మీద వేలు పెట్టి రుద్దితే నల్లగా మసి అంటుకుంటోందా, చిన్న చిన్న పొరలుగా రాలుతోందా, వంచితే గీతల్లా పగుళ్లు తేలుతున్నాయా. ఈ మూడింట్లో ఏ ఒకటి కనిపించినా మిగతా పైపులన్నీ అదే స్థితిలో ఉన్నాయని అనుకుని అన్నీ మార్చండి. ఆ రాలిన నల్ల పొరలే కార్బరేటర్ జెట్టులో (పెట్రోలుని కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్క) ఇరుక్కుని బండిని దారిలో ఆపేస్తాయి.

మార్చాల్సినవి ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ముందుకు చూసుకుంటూ రండి. ట్యాంకు పైభాగం నుంచి ఇనుప లైను దాకా ఉండే పొట్టి ముక్క, బండి కింద నుంచి చూస్తే కనపడదు కాబట్టి అందరూ దాన్నే వదిలేస్తారు. ట్యాంకు కొంచెం దించితేగాని అందదు, దించమనే చెప్పండి. తర్వాత మూత దగ్గర నుంచి ట్యాంకులోకి దిగే లావు పైపు, ఆవిరి పైపు, లైను నుంచి పంపుకి, పంపు నుంచి కార్బరేటర్‌కి, వెనక్కి వెళ్లే రిటర్న్ పైపు. పెట్రోలు మీటరు యూనిట్ కింద బిరడా వాషరు ఉంటే తీసేసి, ఇథనాల్‌ని తట్టుకునే ఫ్లోరో రబ్బరు వాషరు వేయించండి. మెకానికల్ పంపు డయాఫ్రమ్ (లోపల కదిలే పలచటి రబ్బరు పొర), కార్బరేటర్లో యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్, నీడిల్ వాల్వు, గ్యాస్కెట్లు ఒకే కిట్టుగా దొరుకుతాయి. కిట్టు కొత్తగా తయారైనదా, పదేళ్లుగా కొట్లో పడున్నదా అడగండి. పాత నిల్వ కిట్టు వేయించడం డబ్బు దండగ.

పైపు కొనేటప్పుడు పాత ముక్క పట్టుకెళ్లి లోపలి వ్యాసం కొలిపించండి. చిన్న కార్లలో ఎక్కువగా 6, 8 మిల్లీమీటర్లు ఉంటాయి, సప్లై పైపుకీ రిటర్న్‌కీ తేడా ఉండొచ్చు. పైపు మీద అచ్చు చదవండి: ఎస్‌ఏఈ జె30 ఆర్9 (SAE J30R9, పెట్రోలు పైపుల ప్రమాణం) అని ఉండాలి. దాని లోపలి పొర ఫ్లోరో రబ్బరు. ఆర్6, ఆర్7 పాత పెట్రోలుకి తయారైనవి, రాజమండ్రిలోనైనా తాడేపల్లిగూడెంలోనైనా కొట్లో చవగ్గా ఇచ్చేది ఎక్కువగా అదే రకం. ట్యాంకు లోపల, పెట్రోల్లో మునిగి ఉండే ముక్కకి ఆర్9 కూడా పనికిరాదు, లోపలా బయటా తట్టుకునే ఆర్10 వేయాలి. ఇది తెలియక మామూలు పైపు వేసిన ఇంజెక్షన్ బండ్లలో ఆ ముక్క ఉబ్బి జారిపోతుంది, పంపు తిరుగుతూనే ఉంటుంది కానీ ఇంజనుకి ఒత్తిడి అందదు.

అచ్చు మీద నమ్మకం లేకపోతే ఒక జానెడు ముక్క కోసి, ఒక కొనలో బోల్టు దూర్చి క్లిప్పు బిగించి, ఇ20 నింపి రెండో కొన కూడా అలాగే మూసేసి, ఇంటికి దూరంగా నీడలో వారం రోజులు వేలాడదీయండి. పైన చెమ్మ పట్టినా, లోపలి పెట్రోలు నల్లబడినా ఆ పైపు వద్దు.

క్లిప్పుల్లో చిల్లుల పట్టీ ఉన్న రకం కొత్త పైపుని కోసేస్తుంది. అంచులు మడిచిన, చిల్లులు లేని క్లిప్పు తీసుకోండి. పైపు కొసకి 3 మిల్లీమీటర్లు ఇవతల బిగించండి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉప్పు గాలి ఉన్న ఊళ్లలో స్టెయిన్‌లెస్ క్లిప్పులే వాడాలి, మామూలువి తుప్పు పట్టి వదులైపోతాయి.

పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక మార్చాల్సి రావొచ్చని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి అంతదాకా ఆగొద్దు, ఏడాదికి ఐదారు వేలు తిరిగే బండి ఆ లెక్క చేరేలోగా రబ్బరు వయసుతోనే పోతుంది.

ట్యాంకూ, ఫిల్టరూ

ఇథనాల్ మంచి ద్రావకం. ఏళ్లుగా ట్యాంకు గోడలకి పట్టిన జిగురునీ, దాని కింద తుప్పునీ కదిలిస్తుంది. ఇ20కి మారిన మొదటి రెండు ట్యాంకుల్లో ఫిల్టరు మూసుకుపోవడం అందుకే. కార్బరేటర్ బండికి లోపల కనిపించే పారదర్శక ఫిల్టరు వేయించి, 500 కిలోమీటర్లకి ఒకసారి, 2000కి ఇంకోసారి మార్చండి. బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి. ఎర్రటి పొడి పేరుకుంటే ట్యాంకు దించి కడిగించే సమయం వచ్చినట్టు.

చిల్లు పడిన ట్యాంకుకి ఎపాక్సీ ముద్ద పూసి నెట్టుకొచ్చేవాళ్లు జాగ్రత్త, చాలా రకాల ముద్దలు ఇథనాల్‌కి మెత్తబడి ఊడిపోతాయి. రేడియేటర్ షాపులో అతుకు వేయించాలంటే ట్యాంకుని వేడినీళ్లతో, ఆవిరితో పూర్తిగా శుభ్రం చేసే అలవాటున్న చోటే ఇవ్వండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకుకంటే ప్రమాదం.

కార్బరేటర్ సర్దుబాటు

మామూలు పెట్రోలు కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇ20కి 13.5 చాలు. కార్బరేటర్‌కి ఈ సంగతి తెలియదు, ఎప్పటిలా గాలీ పెట్రోలూ వదులుతూనే ఉంటుంది. కాబట్టి ఇంజనుకి పెట్రోలు ఎనిమిది శాతం దాకా తక్కువ పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం తడబడటం, కార్బరేటర్లోంచి తుమ్మినట్టు శబ్దం, ఐడ్లింగులో మిస్సింగు, ప్లగ్గు మొన తెల్లగా ఎండిపోయి ఉండటం దీని గుర్తులు. అలాగే లాగిస్తే వాల్వులు వేడెక్కి కాలతాయి.

ముందు బౌల్ (కార్బరేటర్లో పెట్రోలు నిలిచే గిన్నె) విప్పి చూడండి. అడుగున తెల్లటి పొడి ఉంటే నీరు చేరి లోహం తినేసింది, ఇత్తడి జెట్టుకి పచ్చటి చిలుము ఉన్నా అంతే. కార్బరేటర్ క్లీనరు కొట్టి, గాలితో ఊదండి. జెట్టులో సూదీ, తీగా దూర్చొద్దు, రంధ్రం పెద్దదైతే కొలత పోతుంది. బౌల్లో పెట్రోలు మీద తేలే ఫ్లోటుని చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోలు చప్పుడు వస్తే మార్చండి.

తర్వాత ఇంజను పూర్తిగా వేడెక్కాక, చోకు మొత్తం తెరిచి ఉండగా, మిక్చరు స్క్రూని అరచుట్టు లోపే, కొంచెం కొంచెంగా, మిక్చరు చిక్కబడే వైపు తిప్పండి. ఇంజను చప్పుడు నున్నబడి వేగం పెరిగిన చోట ఆపి, ఐడ్లింగు స్క్రూతో వేగం మళ్లీ తగ్గించండి. మొదట్లో స్క్రూ ఎన్ని చుట్లు ఉందో రాసుకోండి. పొల్యూషన్ పరీక్షలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అంకె ముందూ తర్వాతా చూస్తే చేతికి తెలియనిది అక్కడ తెలుస్తుంది.

ఐడ్లింగు బాగుపడినా హైవే మీద లాగకపోతే అప్పుడు మెయిన్ జెట్టు. వ్యాసాన్ని బట్టి అంకె వేసే జెట్లలో ఎనిమిది శాతం ఎక్కువ పారాలంటే వ్యాసం నాలుగు శాతం పెరిగితే చాలు: 100 ఉన్నచోట 104కి దగ్గరిది. ఒకేసారి అంత దూకొద్దు. ఒక్క సైజు పెంచి, రావులపాలెం నుంచి తణుకు దాకా నిలకడగా నడిపి, ఆగిన వెంటనే ప్లగ్గు తీసి చూడండి. లేత గోధుమ రంగు రావాలి. నల్ల మసి వస్తే వెనక్కి తగ్గాలి.

ఇంజెక్షన్ బండ్లకి ఈ తిప్పలు లేవు. ఎగ్జాస్టులో ఆక్సిజన్ సెన్సరు ఉన్నవాటిలో కంప్యూటరే పెట్రోలు పెంచుకుంటుంది. మెకానిక్ స్కానర్ పెట్టినప్పుడు లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటరు పెట్రోలు ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చూపే అంకె, చదివించండి. ప్లస్ 5, 6 ఉంటే ఇ20కి సర్దుకుంటోంది. ప్లస్ 15 దాటినా, పెట్రోలు తక్కువ పడుతోందని చెప్పే పి0171 కోడు వచ్చినా కారణం వేరే ఉంది: బలహీనపడిన పంపు, మూసుకున్న ఫిల్టరు, గాలి లీకు, అలసిపోయిన సెన్సరు. ఇథనాల్ మీద నెపం పెట్టి వదిలేయొద్దు.

మే నెల ఎండలో

అంబాసిడర్, పద్మిని లాంటి బండ్లలో పంపు ఇంజనుకి ఆనుకునే ఉంటుంది. ఆ వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరై, పది నిమిషాలు ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే అందుకోదు. పంపు మీద తడిగుడ్డ వేస్తే అప్పటికి గండం గడుస్తుంది. శాశ్వతంగా కావాలంటే పైపుని ఎగ్జాస్టు మానిఫోల్డుకి దూరంగా తిప్పించి, వేడి తగలకుండా రేకు అడ్డం పెట్టించండి. కార్బరేటర్ కింద మందపాటి ఇన్సులేటర్ వాషరు ఉందో లేదో కూడా చూడండి, ఎవరో తీసేసి పలచటి గ్యాస్కెట్ వేసిన బండ్లు చాలా ఉన్నాయి.

షెడ్డులో ఉండే బండికి

గాలిలో తేమ వల్లే ట్యాంకు పాడైపోతుందని అంటారు. ఒక్క తేమతో అలా కావడానికి చాలా నెలలు పడుతుంది. త్వరగా ముంచేది నేరుగా దిగే నీరు: చీలిన మూత వాషరు, కప్పు కారే షెడ్డు, మూత గూడులో ఆకులు అడ్డుపడి మూసుకుపోయిన నీటి దారి. వానాకాలానికి ముందు ఈ మూడూ చూడండి.

రెండు నెలల్లోపు నిలిపేదైతే ట్యాంకు దాదాపు నింపి ఉంచండి, లోపల గాలికి చోటు తగ్గుతుంది. మూడు నెలలు దాటేదైతే ట్యాంకు ఖాళీ చేయించి, కార్బరేటర్ బండికైతే ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు తీసి, ఇంజను ఆగిపోయేదాకా నడిపి బౌల్ కూడా ఎండబెట్టండి. తీసిన పెట్రోలు తాజాదే కాబట్టి రోజూ తిరిగే బండికి వాడుకోవచ్చు. ఊళ్లో ఎవరైనా చూసేవాళ్లుంటే స్టార్టు చేసి రెండు నిమిషాల్లో ఆపేయమని చెప్పొద్దు. పదిహేను రోజులకోసారి అరగంట రోడ్డు మీద తిప్పి రమ్మనండి.

లంక గ్రామాల్లో, గోదావరి వరద వచ్చే జులై, ఆగస్టు రోజుల్లో బండి ట్యాంకు ఎత్తుకి నీళ్లొస్తే, నీళ్లు తీశాక తాళం కూడా తిప్పొద్దు. ఇంజెక్షన్ బండిలో తాళం తిప్పగానే పంపు ఆ నీటిని ఇంజెక్టర్ల దాకా తోసేస్తుంది. ముందు ట్యాంకు ఖాళీ చేయించి, లైన్లు ఊదించి, ఫిల్టరు మార్చి, అయిదు లీటర్లు కొత్త పెట్రోలు పోసి, ఇంజన్ ఆయిల్లో నీరు లేదని చూసుకున్నాకే.

సంక్రాంతికి ఊరొచ్చి బండి తీసేటప్పుడు కూడా ముందు సీసా పరీక్ష. పెట్రోలు వార్నిష్ వాసన వేస్తే తీసేయండి. బాగుంటే సెల్ఫ్ కొట్టి, బానెట్ తెరిచి, ఒకరు బండి కింద, ఒకరు ఇంజను దగ్గర నిలబడి ప్రతి క్లిప్పు దగ్గరా పొడిగుడ్డ పెట్టి అయిదు నిమిషాలు చూడండి. గుడ్డ తడిస్తే ఆపేయండి.

గ్యాస్ కిట్ బిగించిన బండ్లని ఈ లెక్కలో మరిచిపోతారు. అవి రోజూ తిరుగుతూనే ఉంటాయి, కానీ ట్యాంకులో అయిదు లీటర్ల పెట్రోలు ఏడాదిగా అలాగే ఉంటుంది. వారానికి పదీ పదిహేను కిలోమీటర్లు పెట్రోలు మీద నడపండి, ట్యాంకులో పావు వంతుకి తక్కువ కాకుండా ఉంచుతూ, ఆ పెట్రోలు రెండు నెలల్లో అయిపోయి కొత్తది పడేలా చూసుకోండి. ఇంజెక్షన్ బండ్లలో ట్యాంకులో పంపు చల్లబడేది కూడా ఆ పెట్రోలుతోనే.